పెదవి దాటని మాట

తెగిన పోగు రెండు కొసలనూ ఎడమచేతి వేళ్ల మధ్య దగ్గరికి తెచ్చి మాటలక్క ముడి వేసింది. ముడి జారకుండా దాని మీద కాస్త తడి అద్దడం ఆమెకు అలవాటు. వేలు నోటి దాకా వెళ్లి మాస్కుకు తగిలి ఆగింది. రోజూ అలాగే ఆగుతుంది, అయినా రోజూ మళ్లీ వెళుతుంది. పొడి ముడినే ఒకసారి లాగి చూసి, ఆకుపచ్చ బొత్తాం నొక్కింది. మిషను మీద ఎర్రదీపం ఆరిపోయింది. పడుగు మళ్లీ కదిలింది.

పొద్దుటి నుంచి ఛాతీలో ఏదో పట్టేసినట్టుగా ఉంది. మాస్కు బిగించి కట్టుకున్నానేమో అనుకుని తాళ్లు వదులు చేసుకుంది. పట్టు వదల్లేదు. టీ వేళకు నీళ్లు తాగితే తగ్గుతుందిలే అనుకుని పక్క మిషను దగ్గరికి నడిచింది.

షెడ్డు పొడుగైనది. పైకప్పు అద్దాల్లోంచి దిగే వెలుతురు కిందికి చేరేసరికి బూడిద రంగులోకి మారిపోతుంది. ఆ వెలుతురులో దూది నూగు రాత్రీ పగలూ దిగుతూనే ఉంటుంది. మిషన్ల మధ్య నడవాల్లో అటూ ఇటూ తిరిగే ఆడవాళ్లందరికీ ముక్కు మీది నుంచి గడ్డం దాకా తెల్లటి మాస్కు. చెవుల మీద రెండు నల్లటి డిప్పలు, చెంప పక్కన కొక్కెంలా వంగిన మైకు. ఈ హెడ్‌సెట్లు పెట్టాక షెడ్డులో ఎవరు ఏం మాట్లాడినా అందరికీ వినిపిస్తుంది. కొత్త మేనేజరు వచ్చి చేసిన మొదటి పని అది. రెండోది మాస్కు.

ఆ రోజు అందర్నీ గేటు దగ్గర నిలబెట్టి, "ఇకమీద ఎవరూ గొంతు చించుకోనక్కర్లేదు. ఒకరి మాట అందరికీ చేరుతుంది," అన్నాడాయన. మంచి మనిషి. మాట మాటకీ నవ్వుతూ, నెమ్మదిగా, నోరు బాగా తెరిచి చెప్పాడు. అందుకే మాటలక్కకు ప్రతి అక్షరమూ అందింది. షెడ్డులో ఆమెకు పూర్తిగా అందిన చివరి ప్రసంగం అదే.

ఇప్పుడు ఆ డిప్పల్లోంచి ఆమెకు వినిపించేది సీసాలో చిక్కుకున్న ఈగ రొద ఒక్కటే. ఎవరైనా తన వైపు తిరిగి కళ్లెత్తితే, మైకు బొత్తాం నొక్కి "సరే" అంటుంది. సరే అన్న మాటంత మంచి మాట ఇంకోటి లేదని ఆమె కనిపెట్టింది. ఏ ప్రశ్నకైనా అతుకుతుంది. అతకనప్పుడు ఎదుటివాళ్లు తల గోక్కుని వెళ్లిపోతారు. "మాటలక్కకి వయసు మీద పడుతోంది, మాటలు తగ్గించేసింది," అని ఒకరితో ఒకరు అనుకుంటారు. ఆ మాట కూడా ఆమె వినలేదు.

పాత మగ్గాల రోజుల్లో ఈ షెడ్డులో ఎవరికీ ఏమీ వినపడేది కాదు. వందల నాడెలు ఒక్కసారిగా అటూ ఇటూ కొట్టుకుంటుంటే, పక్కమనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా గాలి తగిలేదే తప్ప మాట తగిలేది కాదు. అందుకని అక్కడి ఆడవాళ్లు పెదాలతో మాట్లాడుకునేవాళ్లు. గొంతు పెగలక్కర్లేదు. పెదాలు బాగా సాగదీసి, కళ్లూ కనుబొమలూ తోడు తెచ్చుకుని, అవసరమైతే వేళ్లతో అందుకుని, ఎనిమిది మగ్గాల అవతలున్న మనిషితో కాపురం సంగతుల నుంచి కండె అయిపోయిన సంగతి దాకా చెప్పేసేవాళ్లు. ఆ విద్యలో ఆమెను మించినవాళ్లు లేరు. మాటలక్క అన్న పేరు అలా వచ్చింది. పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లను ఆమె ఎదురుగా ఉన్న మగ్గం మీద పెట్టేవాళ్లు. తెలియంది అడగడానికి అక్కడ ఎవరికీ సిగ్గుండేది కాదు. అడిగింది ఆమెకు తప్ప ఇంకొకరికి తెలిసేది కాదు మరి. "ముడి జారిపోతోందక్కా" అని పెదాలు వణికితే, "తడి పెట్టు పిచ్చిదానా" అని ఇటు నుంచి పెదాలు నవ్వేవి. అక్కడితో ఆ సంగతి మాసిపోయేది.

చెవులు ఎప్పుడు పోయాయో ఆమెకే తెలియదు. వాటితో పని పడలేదు గనక తెలియలేదు.

ఆ విద్య ఆమెకు నేర్పింది అత్త.

పెళ్లై వచ్చిన కొత్తలో ఆ అత్తంటే ఆమెకు వణుకు. ఇంట్లో అత్త నోరు మెదిపేది కాదు. వినిపించేది మామగారి గొంతు ఒక్కటే. ఆ గొంతు లేచిందంటే ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చేసేవి కావు. కోడల్ని షెడ్డులో పనికి పెట్టించిన రోజున, అత్త తన మగ్గం వెనక నుంచి, మోచేతుల దాకా రవిక చేతులు మడిచి, జుట్టు గుడ్డతో బిగించి, ఆమె వైపు తిరిగింది. పెదాలు విచ్చుకున్నాయి. ఏమంటోందో మొదట అర్థం కాలేదు. అత్త ఓపిగ్గా మళ్లీ అంది, మళ్లీ అంది. చివరికి అర్థమైంది: "పొద్దున్నే ఏమైనా తిన్నావా?"

పెళ్లయ్యాక ఆమెను ఆ మాట అడిగిన మొదటి మనిషి అత్తే.

తర్వాత మాటలకు కొరత లేదు. ఇంట్లో ఏళ్లుగా దాచుకున్నదంతా అత్త ఆ రొదలో గుమ్మరించింది. సూపర్‌వైజరు మీసానికి నూగు పట్టుకుంటే, "చూడవే, మేకపోతుకు ముసలితనం వచ్చింది," అని అవతల నుంచి అనేది. కోడలు నవ్వాపుకోలేక పోగులు తెంపుకునేది. కొన్నాళ్లకు ఆ భాష ఇంటికీ వచ్చింది. మామగారు తింటూ తిట్టిపోస్తుంటే, ఆయన వీపు వెనక నిలబడి అత్త పెదాలు కదిపేది: "వాగనీ, కడుపు నిండితే అదే ఆగుతుంది." కోడలికి పొలమారేది. "ఎందుకే ఆ నవ్వు?" అని ఆయన వెనక్కి తిరిగేసరికి అత్త ముఖం రాతిలా ఉండేది.

"పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు," అని అత్త ఒకసారి అంది. "మన మాట దాటదే. పెదవి మీదే పుట్టి పెదవి మీదే పోతుంది. ఎవడు ఏం చేస్తాడు?"

అత్తను నూగు తినేసింది. దగ్గు, ఆయాసం, తర్వాత మంచం. ఆఖరి వారం గొంతు పూర్తిగా పోయింది. కొడుకు మంచం పక్కన కూర్చుని "ఏంటమ్మా, ఏం కావాలి?" అని అడుగుతుంటే తల్లి పెదాలు కదిలేవి. అతనికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కోడలు చెప్పాలి. "దిండు ఎత్తు చేయమంటోంది." "కిటికీ తీయమంటోంది." అలా చెబుతూ చెబుతూ, ఒక మధ్యాహ్నం ఆమె తడిగుడ్డ పిండడానికి బకెట్టు వైపు తిరిగింది. మళ్లీ ఇటు తిరిగేసరికి అత్త పెదాలు ఏదో మాట ముగించుకుని మూతపడుతున్నాయి. మళ్లీ తెరుచుకోలేదు. ఎదురుగా కూర్చున్న కొడుకు అంతా చూశాడు. "ఏదో అందే," అన్నాడు. అంతకుమించి చెప్పలేకపోయాడు.

గుడ్డ తర్వాత పిండితే ఏం పోయేది? ఆ ప్రశ్న ఆమెలో నీరసించింది గాని చావలేదు.

మాస్కులు వచ్చాకే అత్త కనిపించడం మొదలుపెట్టింది. నడవా చివర, ఇనుప స్తంభం పక్కన, ఎప్పుడో ఆమె మగ్గం ఉండే చోట. జుట్టుకు గుడ్డ, మడిచిన చేతులు. మొదటిసారి మాటలక్క ఉలిక్కిపడింది. తర్వాత భయపడలేదు. షెడ్డు మొత్తంలో మాస్కు లేని ముఖం అదొక్కటే. అత్త పెదాలు కదులుతూ ఉంటాయి. ఎవరి పెదాలనైనా ఎంత దూరం నుంచైనా చదివే మాటలక్కకు ఆ పెదాలు మాత్రం అందవు. దగ్గరికి వెళితే ఉండదు. మాస్కు అప్పుడే వచ్చి ఉంటే అత్త ఇంకా బతికేదేమో. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే మాస్కును తిట్టుకోవడానికి నోరు రాదు.

ఈ రోజు పొద్దుటి నుంచీ అత్త అక్కడే ఉంది.

టీ గంట కొట్టారని ఆమె మిగతావాళ్లు కదలడం చూసి తెలుసుకుంది. గోడ పక్కన గదిలో మాస్కులు దిగాయి. ముఖాల మీద వాటి తాలూకు ఎర్రటి గీతలు. రోజు మొత్తంలో మాటలక్కకు లోకం వినపడేది ఇక్కడే. ఒక మూల కూర్చుని, టీ ఊదుకుంటూ, అన్ని పెదాల మీదా కళ్లు తిప్పి దొరికింది ఏరుకుంటుంది. ఎవరికో అద్దె ఇల్లు దొరికింది. ఎవరి చెల్లెలికో నొప్పులు మొదలయ్యాయి.

కొత్తావిడ వచ్చి పక్కన కూర్చుంది. ముప్పై దాటిన మనిషి, ఇంట్లో బట్టలు కుట్టుకుంటూ ఉండి ఈ మధ్యే పనిలో చేరింది. పని తెర మీద బొమ్మలు చూసి నేర్చుకుంది. నిన్న ఏదో అనుమానం వచ్చి మైకులో అడిగితే షెడ్డంతా నవ్విందట. ఎదురు బల్ల మీద కూర్చున్న పొడుగామె ఇవాళ కూడా ఆ నవ్వునే తలుచుకుని నవ్వుతోంది. కొత్తావిడ తల వంచుకుని, గ్లాసు పెదాలకు ఆనించుకుని, ఏదో చెప్పడం మొదలుపెట్టింది. మాటలక్కకు గ్లాసు అంచు మీద కళ్లు మాత్రమే కనిపించాయి. మధ్యలో గ్లాసు దిగినప్పుడు "కొక్కెం" అన్నట్టు తోచింది. మళ్లీ గ్లాసు లేచింది. కళ్లు ఏదో అడుగుతున్నాయి.

ఏంటమ్మా, మళ్లీ చెప్పు, అనాలనుకుంది. అంటే తెలిసిపోతుంది. వచ్చే నెల అందరికీ చెవుల పరీక్ష అని గోడ మీద కాగితం అంటించి ఉంది.

"సరే," అంది మాటలక్క.

కొత్తావిడ ముఖం తేలికపడింది. మాటలక్క మోకాలి మీద చేయి వేసి నొక్కి, లేచి వెళ్లింది.

గదిలోంచి బయటికి వస్తుంటే ఎడమ భుజం లాగింది. మాటలక్క గోడకు చేయి ఆనించి ఒక నిమిషం నిలబడి, మళ్లీ మాస్కు కట్టుకుంది.

భోజనానికి ముందు పడుగు మార్చాలి. పోగులన్నీ చుట్టిన ఇనుప బీమును ట్రాలీ మీద పెట్టి, మెకానిక్ నడవా ఎగువ నుంచి తెస్తున్నాడు. నేల అక్కడ కొద్దిగా వాలుగా ఉంటుంది. మాటలక్క అటు వీపు పెట్టి, వంగి, మిషను కింద పేరుకున్న నూగు లాగుతోంది. తలెత్తితే స్తంభం దగ్గర అత్త. పెదాలు కదులుతున్నాయి. ఈసారి పట్టుకోవాలని కళ్లు చిట్లించి చూస్తోంది.

హెడ్‌సెట్లో ఈగ గట్టిగా రొద పెట్టింది. ఆగకుండా పెట్టింది. ఎవరో ఎవరినో తిడుతున్నారనుకుంది.

హఠాత్తుగా నడవా అవతలి నుంచి కొత్తావిడ మాస్కు గడ్డం కిందికి లాగేసుకుని పరుగెత్తుకొస్తోంది. నోరు బార్లా తెరిచి ఉంది. ఆ నోరు ఏమంటోందో లోకంలో ఎవరైనా చదవగలరు. "వెనకాల."

మాటలక్క పక్కకు ఒరిగిపోయింది. గాలి ఆమె వీపును రాసుకుని వెళ్లింది. ట్రాలీ మిషను చట్రానికి కొట్టుకుంది, బీము ఒక మూల వంగి నేల మీద పడింది. పడిన అదురు ఆమె అరికాళ్లలోకి వచ్చింది. చప్పుడు రాలేదు.

మేనేజరు తన గదిలో ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు. మాస్కులు తీయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. మెకానిక్ ముఖంలో నెత్తురు లేదు.

"ట్రాలీ చక్రాన్ని ఆపే కొక్కెం పట్టడం లేదు సార్. దాని పన్ను అరిగిపోయింది. నేను చూసుకోవాల్సింది. వదిలిపోగానే మైకులో అరుస్తూనే ఉన్నాను, అక్కా పక్కకి జరుగు, పక్కకి జరుగు అని."

"కొక్కెం పట్టడం లేదని ముందు ఎవరికీ తెలియదా?"

కొత్తావిడ చేతులు ఒళ్లో నలుపుకుంది. "నేను నిన్ననే చూశాను సార్. అది అలాగే ఉంటుందేమో, నాకే తెలీదేమో అనుకున్నా. పొద్దున అక్కకి చెప్పాను. మెకానిక్ తమ్ముడికి నువ్వు చెప్పక్కా అన్నాను. సరే అంది."

"మైకులో చెప్పొచ్చు కదమ్మా. దానికేగా అది పెట్టింది."

"అందరూ వింటారు కదా సార్."

మేనేజరు బల్ల మీది కలాన్ని అటూ ఇటూ దొర్లించాడు.

మాటలక్క మిగతా ముగ్గురి పెదాలనూ మార్చి మార్చి చూసింది. అన్నీ తేటగా కనిపిస్తున్నాయి. కొత్తావిడ ఆమె వైపు చూడటం లేదు. సరే అని మాటలక్క అబద్ధమాడిందనుకుంటోంది. మర్చిపోయాను అంటే సరిపోతుంది. వయసు, ఎవరైనా నమ్ముతారు. చెవుల పరీక్ష దాకా నెట్టుకురావచ్చు.

"అమ్మాయి చెప్పింది నిజమే బాబూ," అంది. "నాకే వినపడలేదు. అప్పుడే కాదు, నాకసలు వినపడదు. ఏళ్లైంది."

కొత్తావిడ తలెత్తింది.

"మరి ఇంతకాలం ఎలా నెట్టుకొచ్చారమ్మా?" అన్నాడు మేనేజరు.

"నెట్టుకు రాలేదు బాబూ, హాయిగానే వచ్చాను. మొహాలు కనపడితే నాకు వినపడుతుంది. మీరు మూతులు కట్టారు. అదీ మంచికే, కాదనను. మా అత్త ఆ నూగుతోనే పోయింది." ఊపిరి అందక ఆగింది. "ముందే చెప్పాల్సింది. నా మిషన్లు తీసేస్తారని చెప్పలేదు. ఇవాళ నన్ను కాపాడబోయి ఆ అమ్మాయి చచ్చేదేమో అక్కడ, నా బదులు."

మేనేజరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆమె ముఖంలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా విడదీసి అన్నాడు. "ఇవాళ ఇంటికెళ్లి పడుకోండి. రేపటి నుంచి పని మొదలయ్యే ముందు కాసేపు అందరం ఇక్కడ కూర్చుందాం, మాస్కులు లేకుండా. మైకు లేకుండా. ఎవరికి ఏం చెప్పాలో చెప్పుకుందాం. మీరు కూడా ఉండాలి. మీ సంగతి అప్పుడు చూద్దాం."

"అంత నోరు తెరవక్కర్లేదు బాబూ. మామూలుగా అన్నా తెలుస్తుంది," అంది మాటలక్క.

కొత్తావిడ ఏడుస్తూనే నవ్వింది. గేటు దాకా తోడు వచ్చింది. వదిలి వెళ్లే ముందు ఎదురుగా నిలబడి, గొంతు లేకుండా పెదాలు సాగదీసి, తడబడుతూ, "జాగ్రత్తక్కా" అంది.

"పై పెదవి ఇంకాస్త కదపాలి," అంది మాటలక్క.

ఇంట్లో ఎవరూ లేరు. భర్త సైకిళ్లు బాగుచేసే కొట్లో ఉంటాడు. ఆమె చేతులు కడుక్కుని, వంటింటి కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. భుజం లాగుడు మోచేతి దాకా వచ్చింది. అలసట అనుకుంది.

ఎండ వాలుతుండగా అతను వచ్చాడు. వస్తూనే అటు తిరిగి చెప్పులు విప్పుకుంటూ, పొద్దున్నే దాచమని ఆమెకు ఇచ్చిన బోల్టుల గురించి ఏదో గొణిగాడు. ఇన్నేళ్లుగా అతను ఆమెతో మాట్లాడేది అటు తిరిగే. ఊళ్లో అందరికీ మాటలక్క, నాకు మాత్రం మాట ఉండదు, అని స్నేహితుల దగ్గర నిష్ఠూరమాడుతుంటాడు.

జవాబు రాకపోయేసరికి ఇటు తిరిగాడు. ఆమె ఎదుటి గోడ వైపు చూస్తూ కూర్చుని ఉంది. ఆ గోడ పక్కన ఏమీ లేదు, ఒకప్పుడు తన తల్లి మంచం ఉన్న చోటు. ఆమె పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. మధ్యమధ్య ఆగి, అవతలివాళ్ల మాట వింటున్నట్టు కళ్లు నిలిపి, మళ్లీ కదుపుతోంది.

"ఎవరితోనే?" అన్నాడు.

ఆమె తల తిప్పలేదు.

అతనికి కాస్త కోపం వచ్చింది. చేతులకు గ్రీజు ఉంది. కడుక్కుని వచ్చి అడుగుదామని దొడ్లోకి వెళ్లబోయి, ఎందుకో ఆగాడు. ఇంతకు ముందు ఒకసారి ఈ ఇంట్లో, ఈ గోడ పక్కనే, తను ఇలాగే పెదాలు చూస్తూ కూర్చున్నాడు. వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చుని, ముఖంలోకి చూశాడు. ఆమె కళ్లు అతని మీదికి దిగాయి. పెదాలు రెండుసార్లు కలిసి, గుండ్రంగా విడి, సాగాయి. తర్వాత ఇంకేమీ అనలేదు. ఇంకా ఏదో అంటుందని అతను చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

మర్నాడు ఆఖరి చూపుకు షెడ్డులోవాళ్లంతా వచ్చారు. అతను కొత్తావిడను పక్కకు పిలిచాడు. "మీకు ఆ పెదాల భాష వచ్చటగా. చివర్లో ఇలా అందమ్మా," అని తన పెదాలు రెండుసార్లు కలిపి, గుండ్రంగా విప్పి, సాగదీసి చూపించాడు. మీసం అడ్డం వస్తోందేమోనని వేలితో పైకి ఎత్తి మళ్లీ చూపించాడు. కొత్తావిడ అతని నోటి వైపే చూస్తూ నిలబడింది. ఆమెకు వచ్చింది రెండు మూడు మాటలు. అందులో అది లేదు.

మేనేజరు చెప్పినట్టు ఆ వారం నుంచి పొద్దున్నే అందరూ మాస్కులు లేకుండా కూర్చోవడం మొదలైంది. మొదటి రోజు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి పొడుగామె, ముడి జారిపోకుండా ఎలా వేయాలో తనకు ఇప్పటికీ రాదని చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

ట్రాలీ జారిన సాయంత్రమే, మాటలక్క మళ్లీ పనిలోకి వస్తుందనుకుని, మెకానిక్ పాత బస్సుది ఒక గుండ్రటి అద్దం సంపాదించి, వెనక వచ్చేవాళ్లు కనిపించేలా ఆమె మిషను మీద బిగించాడు. అది ఇంకా అక్కడే ఉంది. నూగు పడి మసకబారినప్పుడల్లా ఎవరో ఒకరు తుడుస్తుంటారు. అందులో నడవా అంతా, ఆ చివర స్తంభం దాకా, కనిపిస్తుంది.